మూడు చేతుల ఉప్పు

ఫిబ్రవరి 10, సోమవారం

జ్వరం తగ్గాక ఇవాళే పనిలోకి వెళ్ళాను. ఓపిక బాగానే ఉంది. ఉల్లిపాయలు నూనెలో వేస్తే చప్పుడు వచ్చింది, పొగ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. వాసన మాత్రం రాలేదు.

పొద్దున ఇంట్లో కాఫీ తాగినప్పుడే అనుమానం వేసింది. ఉత్త వేడినీళ్ళు తాగినట్టుంది. "పంచదార వెయ్యలేదా?" అంటే "ఎప్పటిలాగే వేశాను" అన్నారు మా ఆయన. పని నుంచి వస్తూ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "ఇలాంటి జ్వరాలకి కొందరికి ముక్కూ నాలుకా మొద్దుబారతాయమ్మా. వారంలో రావచ్చు, నెలలు పట్టచ్చు" అన్నాడు. రాకపోతే ఏం చెయ్యాలంటే, అది చాలా అరుదని కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. అరుదైనవన్నీ నా నెత్తినే పడతాయని అతనికేం తెలుసు?

ఎవరికీ చెప్పదలచుకోలేదు. బస్సు డిపో క్యాంటీన్లో పెద్ద వంటమనిషికి రుచి తెలియడం లేదంటే డ్రైవరుకి కళ్ళు కనపడ్డం లేదన్నట్టే. నా ముందున్నావిడకి చేతులు వణుకుతున్నాయని మేనేజరుగారు గరిటె లాగేసుకుని అంట్లు తోమే చోట నిలబెట్టారు. ఆవిడ ఇప్పటికీ అక్కడే ఉంది. నన్ను చూసి రోజూ నవ్వుతుంది. ఇవాళ ఆ నవ్వు చూడలేక పక్క తలుపులోంచి వెళ్ళాను.

ఫిబ్రవరి 12, బుధవారం

అల్లం ముక్క నమిలాను. మంట తెలిసింది. అల్లం తెలియలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

పాలు మాడాయట. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చాకు పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. చాకు అంటే మా కూరగాయలు తరిగే పిల్ల. దాని చేతిలో కత్తి ఎంత వేగమో నోరూ అంతే వేగం, అందుకని ఆ పేరు. కానీ ఇవాళ ఒక్క పుల్లవిరుపు మాట కూడా అనలేదు. "ఏదో ఆలోచిస్తున్నావులే అక్కా" అంది, గిన్నె తనే తోమేసింది.

ఏం ఆలోచిస్తున్నానో నాకే తెలియదు. ఇంటి విషయాలని చెప్పాను. ఇంట్లో ఏ విషయాలూ లేవు.

ఫిబ్రవరి 17, సోమవారం

భయపడ్డానుగానీ అనవసరం. ఇవాళ బంగాళాదుంప కూర అద్భుతం అన్నారు డ్రైవర్లు. ఒకాయన మారు అడిగాడు. శనివారం బఠాణీ సూపు కూడా గిన్నె అడుగు దాకా ఖాళీ అయింది.

నాలుక లేకపోతేనేం, చేతికి తెలియదా? ఇన్నేళ్ళుగా వండుతున్నాను. గుప్పిట ఎంత తెరవాలో చేతికి తెలుసు, ఉప్పు ఎంత పడిందో గుండిగలో చప్పుడు చెబుతుంది. ఎప్పటిలాగే చెంచాడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, "దించండి" అన్నాను. నేను దించమనందే మా వంటింట్లో గుండిగ పొయ్యి దిగదు. దించమన్నాక ఇంకెవరూ వేలు పెట్టరు. ఆ పద్ధతి పెట్టింది నేనే. ఇవాళ కళ్ళు మరీ ఎక్కువసేపు మూసుకున్నానేమో, కౌంటరమ్మ అదోలా చూసింది.

వడ్డన గదిలో కౌంటరు దగ్గర నిలబడేది కౌంటరమ్మ. నాకంటే పెద్దది, అందరినీ "పిల్లా" అంటుంది, మేనేజరుగారిని తప్ప. ఆయన వెనక ఆయన్ని కూడా అంటుంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ ఉప్పు కాస్త తగిలినట్టనిపించింది. అనిపించింది, అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

సెలవు. ఇంట్లో చేపల కూర చేశాను. "ఎలా ఉంది?" అన్నాను. "బాగుంది" అన్నారు మా ఆయన. పెళ్ళయినప్పటి నుంచీ ఆయనకి ఈ ఒక్క మాటే వచ్చు. గడియారాలు బాగుచేసే మనిషి. సగం సెకను తేడా వస్తే పట్టుకుంటారు. కంచంలో రాయి వేసి పెట్టినా బాగుందంటారు. ఇలాంటి మనిషిని అడిగి ఏం తెలుసుకోను?

చేతి మీద నమ్మకం ఉంది. ఉంది.

ఫిబ్రవరి 27, గురువారం

పరువు పోయింది.

బఠాణీ సూపు. అందరూ ఇష్టపడేది. మొదటి గిన్నె తాగిన డ్రైవరు లేచి కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. రెండో ఆయన "వంటక్కా, సముద్రాన్ని తోడుకొచ్చారా?" అన్నాడు. నవ్వులు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. గుండిగ గుండిగంతా పారబోశాం. పొద్దుటి షిఫ్టు వాళ్ళందరూ రొట్టె నమిలి బస్సులెక్కారు.

పారబోసే ముందే మేనేజరుగారు వచ్చి గుండిగలో వేలు ముంచి నాకారు. తర్వాత మెల్లగా, "సోమవారం సూపు మళ్ళీ పెట్టండి. దించేముందు నేనొచ్చి రుచి చూస్తాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచిద్దాం" అన్నారు. ఏం చెయ్యాలో ఆయన అప్పుడే ఆలోచించేసుకున్నారు. ఆ మాట అన్నప్పుడు చూసింది నన్ను కాదు, అంట్ల తొట్టి వైపు.

నేను వేసింది ఎప్పటి గుప్పెడే. ఆ పైన ఇంకొంచెం వేశాను. ఎందుకు వేశానంటే, ఏమో, ఆ క్షణంలో చేతి మీద నమ్మకం పోయింది. కానీ ఆ కాస్తకే సముద్రం అవుతుందా? అవ్వకూడదే. అయింది. అంటే చెయ్యి కూడా పోయిందన్నమాట. ముక్కు పోయింది, నాలుక పోయింది, ఇప్పుడు చెయ్యి. ఇంక నా దగ్గర మిగిలింది కోపమొక్కటే. అది ముక్కు మీద భద్రంగా ఉంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

సెలవు పెట్టాను. పడుకున్నాను.

మార్చి 1, శనివారం

చాకూ కౌంటరమ్మా ఇంటికొచ్చారు. రేపు ఊళ్ళోకి పోదాం, మ్యూజియం చూసి, తిండి వీధిలో తిని, సాయంత్రానికి వచ్చేద్దాం అన్నారు. నెల మొదటి ఆదివారం మ్యూజియంలో టికెట్టు లేదట. నాకు ఒంట్లో బాలేదన్నాను. "బాగున్నవాళ్ళని ఎవరు పిలిచారు?" అంది కౌంటరమ్మ.

తిండి వీధి. నాకు. సరే, వెళ్తాను. ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తాను?

మార్చి 2, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా రాస్తాను.

బస్సెక్కగానే మొదలైంది. ఆ బస్సు డ్రైవరు గురువారం సూపు తాగిన వాళ్ళలో ఒకడు. అద్దంలోంచి నన్ను చూసి "వంటక్కా, ఆ రోజు సాయంత్రం దాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను, ప్రతి స్టాపులో దిగాల్సొచ్చింది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. చాకు ఊరుకోలేదు. "రోడ్డు చూసి నడుపు బాబూ, వంట సంగతి మేం చూసుకుంటాం" అంది.

తిండి వీధి మ్యూజియం వెనకే ఉంది. ఇరుకు వీధి, రెండు పక్కలా బళ్ళు, పొయ్యిలు, పెనాలు, పైన గుడ్డ పందిళ్ళు. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. పొగలో నడుస్తున్నాను, ఒక్క వాసన లేదు. చప్పుడు లేని సినిమా చూస్తున్నట్టుంది. చాకు ముక్కులు ఎగబీలుస్తూ "అబ్బ! అబ్బబ్బ!" అంటుంటే దాన్ని లాగి ఒకటి ఇవ్వాలనిపించింది.

ముందు ఒక బండి దగ్గర కోడి సూపు తీసుకున్నాం. బల్ల మీద మూడు గిన్నెలు. ఇద్దరూ ఒక్కో చెంచా తాగి నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉంది పిల్లా?" అంది కౌంటరమ్మ.

గిన్నెలో నల్లటి నలకలు తేలుతున్నాయి. ఇలాంటివి కనిపెట్టడంలో ఈ మూడు వారాలుగా ఆరితేరాను. "బాగుంది. మిరియాలు కాస్త తగ్గిస్తే ఇంకా బాగుండేది" అన్నాను, పెద్ద వంటమనిషి గొంతు పెట్టి.

చాకు చెంచా కింద పెట్టేసింది. "అక్కా, ఇందులో మిరియాలు లేవు. అది మాడిన ఉల్లిపాయ."

ఆ నలకని చెంచాతో పక్కకి నెట్టాను.

"నీకు రుచి తెలియడం లేదు కదూ?" అంది. దాని గొంతు అంత మెత్తగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "పాలు మాడిన రోజే అర్థమైంది నాకు. ఆ పొగకి వీధిలో కుక్కలు కూడా దగ్గాయి. నువ్వు పక్కనే నిలబడి గోడ చూస్తున్నావు."

"మరి అడగలేదేం?"

"అడిగితే చంపేస్తావని."

ఆ మాట నిజమే. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆ రోజు నుంచీ నేను అన్నం చూడ్డానికి అటు తిరిగినప్పుడల్లా అది గుండిగలోంచి ఒక బొట్టు నాలుక మీద వేసుకుని, తక్కువైతే ఉప్పు కలుపుతోందట. నాకు రుచి తెలియకపోయేసరికి భయంతో చెయ్యి బిగబట్టి తక్కువే వేస్తున్నానట రోజూ. బంగాళాదుంప కూర అద్భుతం, బఠాణీ సూపు అద్భుతం, అన్నీ దాని అద్భుతాలే. చేతికి తెలుసని మురిసిపోయి ఇక్కడ రాసుకున్నాను కదా, ఆ పేజీ చింపేద్దామనిపించింది. చింపలేదు.

"మరి గురువారం?" అన్నాను.

"అదే నాకూ అర్థం కాలేదక్కా. నేను చూసి, తక్కువైతేనే వేశాను."

అప్పుడు కౌంటరమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడ గొంతు సవరించుకుంటే ఏదో ముంచుకొస్తోందని అర్థం. "ఆ రోజు నేను కూడా చూశాను పిల్లా. చప్పగా ఉంది. పాపం దీనికేదో అయింది, మేనేజరు చూస్తే గోల అవుతుందని ఉప్పు డబ్బా తేవడానికి సామాన్ల గదిలోకి వెళ్ళాను. వచ్చి గుప్పెడు వేశాను."

"నువ్వు వెళ్ళినప్పుడే నేను వేశాను!" అంది చాకు.

"నాకేం తెలుసు? చెప్పి వెయ్యాలి కదా!"

"దొంగతనంగా వేసేది చెప్పి ఎలా వేస్తారు?"

ఆ తర్వాత నేనొచ్చాను. నా చేతి మీద నాకే అనుమానమేసి ఇంకొంచెం వేసి, చెంచాడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, "దించండి" అన్నాను. దించమన్నాక మరి ఎవరూ వేలు పెట్టరు. అందుకని ఆ సముద్రాన్ని ఎవరూ రుచి చూడనేలేదు. నా పద్ధతి నన్నే ముంచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా వెనకాల నా గుండిగలో చేతులు పెడతారా? నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారా ఇన్నాళ్ళూ?" అని అరిచాను. బండివాడు ఆమ్లెట్టు తిరగెయ్యడం మానేసి చూస్తున్నాడు. చాకు కళ్ళు తుడుచుకుంది, అది ఉల్లిపాయలకి కూడా ఏడవదు. నేను గిన్నె వదిలేసి విసవిసా నడిచి మ్యూజియంలోకి వెళ్ళిపోయాను. ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కాబట్టి వెళ్ళాను.

లోపల చల్లగా ఉంది. మొదటి గదిలో మట్టి కుండలు, మూతులు విరిగినవి, మసి పట్టినవి, అద్దాల వెనక. ఎవరో వండారు వీటిలో. వాళ్ళు కూడా గుప్పెళ్ళతో ఉప్పు వేసి ఉంటారు. నేను కోపంగా నడుస్తున్నాను గానీ కోపం అప్పటికే కారిపోతోంది. వాళ్ళు చేసింది నన్ను ఆడించడానికి కాదు. ఆ అంట్ల తొట్టి దగ్గర నేను నిలబడకూడదని చేశారు. అది తెలిసి కూడా కాసేపు కోపంగానే నడిచాను, అలవాటు కొద్దీ. వాళ్ళిద్దరూ ఒక గది వెనకగా వస్తున్నారని చెప్పుల చప్పుడు చెబుతోంది.

రెండో అంతస్తులో పాత బట్టల గది. పెద్ద పెద్ద అంగరఖాలు, జరీ పనివి, రంగు వెలిసినవి. మసక వెలుతురు. ఒక అద్దాల బీరువా ముందు ఆగాను. పైనుంచి కిందకి చూస్తున్నాను.

ఏదో ముక్కులో పొడిచింది.

నిలబడిపోయాను. మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు. భ్రమ అనుకున్నాను. వంగి, బీరువా తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. వచ్చింది. సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు, కానీ వచ్చింది. కలరా ఉండలు! పురుగు పట్టకుండా బట్టల్లో వేసే కలరా ఉండల కంపు!

"అమ్మా, అద్దానికి మొహం ఆనించకూడదు" అన్నాడు కాపలా ఆయన, దగ్గరికొచ్చి.

"కంపు!" అన్నాను నేను. "ఎంత కంపు కొడుతోందండీ!"

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నిన్ననే కొత్తవి వేశారమ్మా. రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కావాలంటే సలహాల పెట్టెలో రాసి వెయ్యండి."

"వద్దు వద్దు, తగ్గించకండి" అన్నాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. అప్పటికి నా కళ్ళమ్మట ధారగా నీళ్ళు. చాకూ కౌంటరమ్మా పరిగెత్తుకొచ్చారు, ఏదో విరగ్గొట్టాననుకుని. "కలరా ఉండలే! నాకు వాసన వస్తోందే!" అన్నాను. చాకు నన్ను వాటేసుకుంది. కౌంటరమ్మ కాపలా ఆయనకి చెబుతోంది: "ఏం అనుకోకండి, మూడు వారాలుగా దీనికి ఏ వాసనా లేదు, దొరక్క దొరక్క ఇది దొరికింది." ఆయనకి అర్థమయిందో లేదో, ఇంకో బీరువా చూపించి "అందులో ఇంకా ఎక్కువ వేశారమ్మా" అన్నాడు. పాపం, మంచివాడు. ముగ్గురం ఆ బీరువా చుట్టూ వంగి పీలుస్తుంటే వెనక ఎవరో మా ఫోటో తీసుకున్నారు. అది ఎంత అపురూపమైన వస్త్రమో ఏమో, ఇప్పటికీ దాని రంగు కూడా నాకు గుర్తు లేదు.

మళ్ళీ తిండి వీధికి పరిగెత్తాం. ఆకలి లేదు, అయినా పరిగెత్తాం. కాఫీ బండి దగ్గర ముక్కు పెడితే ఏమీ లేదు. నిమ్మకాయ కోసిన చోట ఏదో పుల్లటి నీడలాంటిది. మాడుతున్న రొట్టె దగ్గర కొంచెం. వస్తోంది, పోతోంది.

చివరికి వేయించిన చేపలమ్మే ఆవిడ దగ్గర కూర్చున్నాం. నిప్పుల మీంచి తీసి నేరుగా ఆకులో పెట్టి ఇచ్చింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వేడి. మెత్తన. అంతే. నమిలాను. ఇంకొంచెం నమిలాను. అప్పుడు నాలుక చివర, ఎక్కడో పక్కన, చురుక్కుమంది.

"ఉప్పెక్కువైంది" అన్నాను.

చాకు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. గబగబా నా ఆకులోంచి ముక్క లాగి తింది. "అవునక్కా! ఎక్కువే! చాలా ఎక్కువే!" అని ఎగిరింది. కౌంటరమ్మ కూడా తిని, "చేదెక్కేంత ఉప్పు! భగవంతుడా, ఎంత ఉప్పు!" అని చేతులు జోడించింది.

చేపలావిడకి మండిపోయింది. "ఎక్కువైతే తినకండి! ఇందాకటి నుంచీ వందమంది తిన్నారు, ఒక్కరూ అనలేదు. మీకేమన్నా నాలుకలు వేరే ఉన్నాయా?"

"మీ మీద ఫిర్యాదు కాదమ్మా" అన్నాను.

"ఎక్కువైందంటూ ఎగురుతుంటే ఫిర్యాదు కాక సన్మానమా?"

"సన్మానమే అనుకోండి. ఇంకో మూడు పెట్టండి. ఉప్పు ఇంతే వెయ్యండి."

ఆవిడ మమ్మల్ని చూసి, పక్క బండివాణ్ణి చూసి, తల పక్కన వేలు తిప్పి చూపించింది. అయినా మూడు పెట్టింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకుంటూ తిన్నాం. సగం ముక్కలే తెలిశాయి నాకు. మిగతా సగం ఉత్త వేడి. ఆ సగం కూడా వదల్లేదు.

బస్సులో వస్తుంటే "మిమ్మల్ని తిట్టాను" అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను. "కొత్తేముంది?" అంది చాకు, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకి మొత్తం చెప్పాను. ఆయన చేతిలో గడియారం పక్కన పెట్టి విన్నారు. "అమ్మయ్య" అన్నారు. కాసేపాగి, "పోయిన ఆదివారం చేపల కూర నోట్లో పెట్టలేకపోయాను" అన్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి ఇంకో మాట అనడం. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ప్రాణం మాత్రం హాయిగా ఉంది.

రేపు సోమవారం.

మార్చి 3, సోమవారం

పొద్దున లేస్తూనే ఉప్పు రవ్వ నాలుక మీద వేసుకున్నాను. తెలిసింది, పల్చగా. ముక్కు సంగతి చెప్పలేను.

వంటింట్లోకి వెళ్ళగానే ఇద్దరినీ పిలిచి చెప్పాను: "ఇవాళ ఒక్కరి చెయ్యే. మీరిద్దరూ దూరంగా నిలబడండి." నిలబడ్డారు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక చాకు తన వేళ్ళనే మెలేస్తూ ఉంది.

బఠాణీ ఉడికింది. గుప్పెడు వేశాను, కలిపాను, చూశాను. ఇంకొంచెం వేశాను, మళ్ళీ చూశాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. చాలు అనిపించింది. నిజంగా చాలా అని నన్ను నేనే అడిగాను. చాలు.

మేనేజరుగారు వచ్చారు. ఆయన చెంచా తీసుకోకముందే చెప్పేశాను: "సార్, జ్వరం తర్వాత నాకు రుచి పోయింది. మీకు చెప్పలేదు. నిన్నటి నుంచే కొంచెం కొంచెం తిరిగొస్తోంది." వెనక కౌంటరమ్మ "చచ్చాం" అనడం వినపడింది. గురువారం ఎవరు ఎన్ని గుప్పెళ్ళు వేశారో మాత్రం చెప్పలేదు. అది మా ముగ్గురిదీ.

ఆయన నన్ను ఒకసారి, అంట్ల తొట్టిని ఒకసారి చూశారు. చెంచాడు తాగారు. పెదాలు చప్పరించారు. "ఉప్పు తక్కువైంది" అన్నారు.

ఉప్పు డబ్బా చేతికందేంత దూరంలో ఉంది. రెండు వేళ్ళతో వేస్తే ఆయన మాట నెగ్గుతుంది, నా పని నిలుస్తుంది. నిన్నటిదాకా నేనైతే అదే చేసేదాన్ని, ఎవరేమన్నా తలూపేదాన్ని. చాకు వైపు చూశాను, అది తల దించుకుంది. సాయం రాకూడదని నేనే చెప్పాను కదా. మళ్ళీ ఒక చెంచాడు తీసుకుని తాగాను. పల్చటి గుడ్డ అవతల ఉన్నట్టుంది రుచి. అయినా అక్కడే ఉంది.

"సరిపోయింది సార్" అన్నాను.

"నాకు తెలియదంటారా?"

"అది కాదు సార్. సరిపోయింది." తిరిగి, "దించండి" అన్నాను.

గుండిగ దించారు. ఆయన వడ్డన గదిలోకి వెళ్ళి ఒక గిన్నె పట్టించుకుని, బల్ల మీదున్న ఉప్పు తీసుకుని, నేను చూస్తుండగానే దండిగా చల్లుకున్నారు. చుట్టూ డ్రైవర్లు తలెత్తకుండా తాగుతున్నారు. ఒక్కడూ ఉప్పు అడగలేదు, ఒక్కడూ నీళ్ళకి లేవలేదు. ఆయన మొదటి గుక్క మింగారు. కళ్ళు ఎర్రబడ్డాయి. అంతమంది ముందు వదిలెయ్యలేక గిన్నె మొత్తం తాగారు.

నేను దగ్గరికెళ్ళి గ్లాసుడు నీళ్ళు పెట్టాను. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, "రేపేం వండుతున్నారు?" అన్నారు.